పురుషోత్తమ చౌదరిగారును మన కీర్తనల పుట్టుకయును

క్రిస్మసు పండుగ సమీపించెననఁగానే మన ప్రాంతపు క్రైస్తవ గృహములయందును, దేవాలయములయందును రెండు విధములైన పాటలు వినవచ్చును. మొదటివి పాశ్చాత్యదేశములనుండి వచ్చిన వరుసలకు తెలుఁగు మాటలు కూర్పఁగా నేర్పడినవి. రెండవవి పల్లవి, అనుపల్లవి, చరణములతో మన దేశపు రాగతాళములయందే పుట్టిన కీర్తనలు. పాడువారనేకులు, పాట యెక్కడనుండి వచ్చెనో విచారించువారు కొందరే. ఈ రెండవ విధమైన పాటలకు పితామహుఁడని పేరొందిన పురుషోత్తమ చౌదరిగారు మన ఉత్తరాంధ్రపు టంచున పుట్టినవారు. ఆయన చరిత్రమును మన విద్యార్థుల కుపయోగించునట్లు సంగ్రహముగా వ్రాయఁబూనితిమి.

ముందుగా నొక సంగతి చెప్పవలసియున్నది. దైవసంకీర్తనమునకు లౌకికమైన వరుసను గ్రహించుట తప్పుకాదా యని కొందఱు శంకింతురు. పాశ్చాత్యుల పాటలను చూచిన నీ శంక తీరును. ఐరోపా ఖండమున లూటు అను తంతివాద్యము కలదు. అది మన వీణకు దూరపు చుట్టము. సొరబుఱ్ఱను నిలువున కోసినట్టి పొట్టయు, మెడచుట్టు నరముతో కట్టిన మెట్లును దాని లక్షణములు. ఇంగ్లండులో గ్రీన్ స్లీవ్స్ అను ప్రణయగీతము 1580వ సంవత్సరమున లండను నగరపు పుస్తక విక్రేతల సంఘమువారి పట్టీలో నెక్కెను. దాని వరుస ఆ కాలపు లూటు పుస్తకములయందు వ్రాయఁబడియున్నది. ఎనిమిదవ హెన్రీ రాజు దానిని రచించెనని లోకమున చెప్పుకొందురు గాని, ఆయన 1547లోనే మరణించెను. ఆ వరుసకు ఆధారమైన ఇటలీ దేశపు బాణీ ఇంగ్లండున వ్యాపించినది పిమ్మటనే. 1642 నాఁటికే యా వరుసకు నూతన సంవత్సరపు పాట యొకటి కూర్పఁబడెను. 1865లో విలియం చాటర్టన్ డిక్స్ అను భీమా ఉద్యోగి క్రీస్తు జననమును గూర్చి యొక పద్యమును రచించెను. 1871లో ప్రకటితమైన యొక క్రిస్మసు పాటల సంపుటమున నా పద్యపు చరణములు ప్రాఁత లూటు వరుసతో కలసినవి. ప్రియురాలి కొఱకు పుట్టిన వరుస పసిబాలుఁడైన ప్రభువు తొట్టియొద్దకు చేరుటకు మూఁడు వందల యేండ్లు పట్టెను. మార్టిన్ లూథరుగారును లూటు వాయించువారే. 1535లో ప్రకటితమైన ఆయన క్రిస్మసు పాట మొదట వీథులలో పాడుకొను పొడుపుకథ పాట వరుసకే కూర్పఁబడినది. 1539లో దానికి వేఱు వరుస యేర్పడెను.

కావున నే దేశమునందైనను భక్తిగీతము ఆకాశమునుండి యూడిపడలేదు. ఆ దేశపు నేలలోనుండి మొలచినది. మన తెలుఁగునేలలో దానిని మొలపించినవారిలో చౌదరిగారు ముఖ్యులు.

ఆయన 1803వ సంవత్సరమున పర్లాకిమిడి ప్రాంతమునందలి మదనపురమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. ఆ కాలమున నది చెన్నపట్టణపు రాజధానిలోని గంజాం జిల్లాలోనిది; పర్లాకిమిడి 1936లో ఒరిస్సాలో చేరినది. ఉత్కలాంధ్రములు కలియు నా సీమలో రెండు భాషలును చెవినిబడుచు పెరిగిన బాలునికి భాషాభిమాన మలవడుట వింతకాదు. తెలుఁగు ఛందస్సును, పదరచనయందలి మర్మములను ఆయన చక్కఁగా నెఱిఁగినవారని ఆయన రచనలే సాక్ష్యమిచ్చుచున్నవి.

ఆయన బాల్యమునకే ఈ తీరమునకు క్రైస్తవ మిషను వచ్చియుండెను. 1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ అను లండను మిషనువారు విశాఖపట్టణమున దిగి, తెలుఁగు నేర్చి, సువార్తలను తెలిఁగింపఁ బూనిరి. అచ్చు కాగితములు ఊరూరికి చేరసాగినవి. మోక్షమార్గమును గూర్చి చింతించుచుండిన చౌదరిగారికిని అట్టి చిన్న పుస్తకము చేతఁబడెను. చదివిరి, విడువలేకపోయిరి. 1833లో కటకమునకుఁ బోయి అచ్చటి బాప్టిస్టు మిషనరీల యొద్ద బాప్తిస్మము పొందిరి. అప్పటికి వారి వయస్సు ముప్పది సంవత్సరములు.

ఈ మాట వ్రాయుట సులభము. ఆ పని చేయుట సులభము కాదు. నాఁటి బ్రాహ్మణుఁడు క్రైస్తవుఁడగుటయనఁగా పుట్టినింటి గడప తనది కాకపోవుటయే. బంధువుల పంక్తి యుండదు, శుభాశుభములకు పిలుపుండదు, తండ్రితాతలు గడించిన గౌరవము ఒక్క దినమున పోవును. మతము మార్చుకొన్నవారు తమ దేశమునకే పరాయివారైరని జనులు తలఁచెడివారు. చౌదరిగారి యెదుట నిలిచిన ప్రశ్న యిదియే: క్రీస్తును నమ్మినవాఁడు తన భాషను, తన పాటను కూడ వదలుకొనవలెనా? ఆయన వ్యర్థమైన వాదములలో నిలిచిపోక, తమ కీర్తనలచేతనే దీనికి బదులు చెప్పిరి.

ఆ దినములలో దేవాలయములయందు పాశ్చాత్య వరుసలకు తెలిఁగించిన పాటలు పాడుచుండిరి. భక్తికి లోపములేదు గాని, భాషకు బాధ కలిగెడిది. మన భాషకు హ్రస్వదీర్ఘములు ప్రాణము. కలమన్న వేఱు, కాలమన్న వేఱు. పరదేశపు వరుసలో స్వరము సాగవలసినచోట పొట్టి యక్షరము పడెనేని, పాడువాని నోట కలము కాలమగును. వినువానికి అర్థము చెడును. యతిప్రాసలకు అలవడిన చెవి కవి లేనిచో ఉప్పులేని కూడువలె తోఁచును. మఱియు చదువురానివారు పుస్తకము పట్టి పాడలేరు గదా.

కీర్తన కీ చిక్కులు లేవు. ఒకఁడు పల్లవి నెత్తుకొనును, తక్కినవారందుకొందురు, ప్రతి చరణమునకును పల్లవి మరల వచ్చును. రెండుసార్లు వినినవానికి పల్లవి కంఠస్థమగును. పదిసార్లు వినినవానికి పాట యంతయు నోట నిలుచును. తిరుపతిలో అన్నమాచార్యులు, భద్రాచలమున రామదాసు ఈ మార్గముననే ప్రజలకు భక్తి నేర్పిరి. చౌదరిగారు బాప్తిస్మము పొందిన కాలమున త్యాగరాజస్వామి తిరువయ్యారులో జీవించియేయుండిరి. ఆయన 1847లో పరమపదించిరి. ఆంధ్రుల కీర్తనకు మహోన్నతమైన యా దినములలో చౌదరిగారు అదే పాత్రలో క్రీస్తు చరిత్రమును, పాపికి కలుగు పశ్చాత్తాపమును, రక్షణయందలి యానందమును నింపిరి. పాత్ర మనది యగుటచేత త్రాగువారికి కొఱతగా తోఁచలేదు.

ఆయన కీర్తనలు మాత్రమే వ్రాసి యూరకుండలేదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము మొదలగు చోట్ల బోధించుచు సంచరించిరి. కులాచార పరీక్ష యను పుస్తకమున కులభేదములను విమర్శించిరి. నిస్తార రత్నాకరమును, యేసుక్రీస్తు ప్రభు శతకమును రచించిరి. తాము పుట్టిన కులముచేత లోకమున కలుగఁదగిన గౌరవమును త్యజించినవారు గనుక, కులమును గూర్చి వ్రాయుటకు వారికంటె నర్హులెవరు? ఏఁబదియేండ్లకు పైఁబడి యీ సేవ సాగినది. 1890లో ఆయన కన్ను మూసిరి.

ఆయన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటమున చేరి, మిషనుల భేదము లేక తెలుఁగు సంఘములన్నిటను వ్యాపించినవి. పిమ్మట వచ్చిన కవులు క్రిస్మసునకును, ఈస్టరునకును, పెండ్లికిని, కోఁతపండుగకును కీర్తనలు కూర్చినప్పుడు ఈ బాటనే నడచిరి. వంగిన యింటను, పొంగిన యింటను మనవారి నోట మొదట వచ్చునవి యీ పాటలే. ఇంతకుమించిన స్మారకస్తంభ మేమి కావలెను?

విద్యార్థులారా! కీర్తనల పుస్తకము తెఱచినప్పుడు పాటపైన చిన్న యక్షరములలో రాగము, తాళము అని యుండుట గమనింపుఁడు. అవి యలంకారమునకు వేసినవి కావు; పాట పుట్టిన యింటి గురుతులు. ఆ గురుతులను విడిచి వినికిడి వరుసలతో సరిపెట్టుకొనినచో, క్రమముగా ఇంటి పేరు మఱచిన బిడ్డలమగుదుము. రాగతాళములు నేర్చుకొనుటకు మన సీమకంటె తగిన చోటు వేఱొకటి కలదా? బొబ్బిలికి చేరువనున్న గొల్లపల్లి పనివారు ఒక్క పనసమ్రానుతోనే వీణను తొలిచి, ఇరువదినాలుగు మెట్లను మైనముతో నిలిపి స్వరము పలికింపఁగలరు. విజయనగరమున 1919లో స్థాపింపఁబడిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులైరి. ఇంగ్లండువారి లూటు వరుస క్రిస్మసు పాటయైనట్లే, మన వీణమీఁద పలుకు రాగములును క్రీస్తు జననమును చాటఁగలవు, చాటినవి కూడ.

తలిదండ్రులకు మా మనవి యొక్కటే. పండుగ దినములలో పెద్దలు ఒక్క కీర్తననైనను దాని రాగముతో, తాళముతో, కవి పేరుతో సహా పిల్లలకు నేర్పుదురు గాక. ఇల్లు విడిచినను భాషను విడువని యా పెద్దమనుష్యునికి మనము చెల్లింపఁదగిన ఋణ మదియే.