శిశుచేష్టల పరిశోధకుడు ఆర్నాల్డ్ గెసెల్

తండ్రి గడప దాటుచుండగా తల్లి చంకలోని పసిబిడ్డ చేయి యూపి టాటా చెప్పును. ఇంటిల్లిపాదియు మురిసిపోవును. అట్టి చిన్న చేష్ట యే వయస్సున, యే క్రమమున వచ్చునో తెలిసికొనుటకై జీవితమంతయు ధారవోసిన శాస్త్రజ్ఞుడు ఆర్నాల్డ్ గెసెల్.

ఆయన 1880 జూన్ 21వ తేదీన అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, మిసిసిపీ నదీతీరమందలి ఆల్మా పట్టణమున జన్మించెను. తండ్రి ఛాయాచిత్రకారుడు; తల్లి ఉపాధ్యాయిని. ఐదుగురు సంతానములో ఆయన జ్యేష్ఠుడు. తండ్రి కెమెరాయు, తల్లి బోధనాసక్తియు ఆ కుమారుని జీవితమున నొక్కటయ్యెనని చెప్పవచ్చును. కొంతకాలము ఉపాధ్యాయుడుగా నుండి, 1906లో క్లార్క్ విశ్వవిద్యాలయమున మనస్తత్వశాస్త్రమందు డాక్టరేటు పొందెను. 1911లో యేల్ విశ్వవిద్యాలయమున చేరి శిశువులను పరీక్షించు కేంద్రమును నెలకొల్పెను. శరీరధర్మము తెలియనిదే శిశువు మనస్సు బోధపడదని తలచి, అధ్యాపకుడై యుండియు మరల విద్యార్థియై 1915లో వైద్యపట్టమును గడించెను.

ఆయన పరిశోధనాశాల విచిత్రమైనది. అర్ధగోళాకారమున నున్న గదిలో శిశువు ఆడుకొనుచుండును. చలనచిత్ర కెమెరాలు ఆ చేష్టలను గ్రహించును. లోపలివారికి కానరాని తెర వెనుక పరిశీలకులు కూర్చుందురు. అట్లు తీసిన చిత్రములలో 3,200 చేర్చి 1934లో శిశుచేష్టల పటసంపుటమును ప్రకటించెను.

శరీరముపై అదుపు శిరస్సు నుండి పాదములకును, మొండెము నుండి వ్రేళ్ళకును క్రమముగా వ్యాపించునని గెసెల్ నిరూపించెను. మెడ నిలిచి, నడుము నిలిచి, కూర్చుండుట చేతనైన పిదపనే చేతులకు స్వేచ్ఛ కలుగును. ఎదుటివాని చేష్టను చూచి అనుకరించు శక్తియు దానికి తోడు కావలెను. కనుకనే వీడ్కోలు చెప్పుచు చేయి యూపుట సుమారు పదవ మాసమున కనబడునని ఆయన పట్టికలు తెలిపినవి.

1929లో కవలపిల్లలపై చేసిన పరీక్ష ప్రసిద్ధమైనది. ఒక బిడ్డకు 46వ వారము నుండి ఆరు వారములు మెట్లెక్కుట నేర్పిరి. రెండవ బిడ్డకు 53వ వారమున మొదలిడి రెండే వారములు నేర్పగా, ఆమె మొదటి బిడ్డతో సమానమయ్యెను. పక్వతకు ముందు తొందర నిష్ఫలమని గెసెల్ నిర్ణయించెను.

ఈ సిద్ధాంతమున లోపము లేకపోలేదు. ఆయన పరిశీలించిన శిశువులలో పెక్కురు న్యూహేవెన్ నగర పరిసరములందలి మధ్యతరగతి శ్వేతజాతివారు. వారి కొలతను లోకమందలి బిడ్డల కందఱికి వర్తింపజేయుట సమంజసము కాదని, పెంపకపు ప్రభావమును ఆయన తక్కువగా నెంచెనని తరువాతివారు విమర్శించిరి. అమెరికా వ్యాధినియంత్రణ సంస్థ 2022లో సవరించిన పట్టికలో టాటా చెప్పుట పండ్రెండవ మాసమున నున్నది. నూటికి 75 మంది యైనను ఆ వయస్సునకు చేయగల పనులనే అందు చేర్చిరి.

గెసెల్ 1948లో యేల్ నుండి విరమించి, 1961 మే 29వ తేదీన మరణించెను. ఆయన పట్టికను చూచి ప్రక్కింటి బిడ్డతో పోల్చి దుఃఖించు తల్లులు నేటికిని గలరు. ఏడాది నిండియు బిడ్డ చేయి యూపక, వ్రేలితో చూపక, పిలిచినను తిరిగి చూడకున్నచో వైద్యుని చేత వినికిడిని, చూపును, ఎదుగుదలను పరీక్షింపజేయుట యుక్తము. సకాలమున సాయము నందించుటకే పట్టిక. బిడ్డపై తీర్పు చెప్పుటకు గాదు. తరగతిలో వెనుకబడిన బాలుని యెడలను ఉపాధ్యాయులు పాటింపదగిన ధర్మ మిదియే.