హైదరాబాద్ పాలనకు శాఖలు, జిల్లాలు ఏర్పరచిన దివాన్ మొదటి సాలార్‌జంగ్

(ప్రత్యేక వ్యాసం)

భూమి శిస్తుకు తహసీల్దారు, శాంతిభద్రతలకు పోలీసు అధికారి, వివాదాలకు న్యాయస్థానం, వీటన్నింటిపై జిల్లా కేంద్రం, ఆపైన రాజధానిలో శాఖాధిపతి. ప్రభుత్వమంటే ఈ అంచెలేనని నేటి పౌరులు సహజంగా భావిస్తారు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలం వరకు హైదరాబాద్ రాజ్యంలో ఇటువంటి అమరిక లేదు. దానికి రూపకల్పన చేసి, ముప్పై సంవత్సరాలపాటు దివాన్ పదవిలో ఉండి అమలుపరచిన వ్యక్తి మీర్ తురాబ్ అలీఖాన్. చరిత్రలో ఆయన మొదటి సాలార్‌జంగ్‌గా ప్రసిద్ధులు. మూసీ తీరాన ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలోని కళాఖండాలలో అధిక భాగాన్ని సేకరించినవారు ఆయన మనుమడైన మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్. మ్యూజియంలో సందర్శకులను విశేషంగా ఆకర్షించే మేలిముసుగు రెబెకా పాలరాతి శిల్పాన్ని మాత్రం 1876లో ఇటలీ నుంచి తెచ్చినవారు మొదటి సాలార్‌జంగే.

తొలి జీవితం

మీర్ తురాబ్ అలీఖాన్ 1829 జనవరి 21న జన్మించారు. మీర్ ఆలం, మునీరుల్ ముల్క్ వంటి దివాన్లను రాజ్యానికి అందించిన కుటుంబం ఆయనది. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన ఆయన పినతండ్రి సిరాజుల్ ముల్క్ సంరక్షణలో పెరిగి, పర్షియన్, అరబిక్ భాషలతోపాటు ఆంగ్లం కూడా అభ్యసించారు. ఇరవై ఏళ్లయినా నిండకముందే ఖమ్మం ప్రాంతానికి తాలూక్‌దారుగా నియమితులై కొద్ది నెలలు పనిచేశారు. అంతకుముందు ఆ ప్రాంతపు వసూళ్లను చూసిన డైటన్ అనే ఆంగ్లేయ అధికారి పద్ధతులను పరిశీలించే అవకాశం ఆయనకు అక్కడే లభించింది. గ్రామం నుంచి ఖజానా వరకు పైకం ఏ దారిన ప్రయాణిస్తుందో, ఎక్కడెక్కడ తరిగిపోతుందో తెలిపిన తొలి పాఠశాల ఆయనకు తెలంగాణ నేలే.

1853 నాటి దుస్థితి

ఆయన దివాన్ పదవి స్వీకరించిన సమయం రాజ్యానికి అత్యంత క్లిష్టమైనది. ఈస్టిండియా కంపెనీ నిర్వహించే హైదరాబాద్ కంటింజెంట్ సైన్యపు ఖర్చుల కింద బాకీ పేరుకుపోయింది. దానికి బదులుగా 1853 మే 21న కుదిరిన ఒప్పందంతో బీరార్, ధారాశివ్, రాయచూర్ అంతర్వేది ప్రాంతాలను నిజాం నాసిరుద్దౌలా కంపెనీ నిర్వహణకు అప్పగించవలసి వచ్చింది. ఆ తరువాత కొద్ది రోజులకే సిరాజుల్ ముల్క్ కన్నుమూశారు. మే 31న ఇరవై నాలుగేళ్ల తురాబ్ అలీఖాన్ దివాన్ అయ్యారు.

నాడు శిస్తు వసూలు గుత్తేదార్ల చేతిలో ఉండేది. తాలూక్‌దారు అన్న పేరు ఉన్నప్పటికీ అతడు జీతం పుచ్చుకొనే ఉద్యోగి కాడు. ముందుగా కొంత సొమ్ము చెల్లించి, ఆపైన రైతు నుంచి రాబట్టుకొన్నంత రాబట్టుకొనే వ్యాపారి. ప్రభుత్వానికి అప్పులిచ్చిన సాహుకార్లు, అరబ్బు జమేదార్లు తమ బాకీల కింద తాలూకాలను తనఖా పట్టి, సొంత మనుషులతో వసూళ్లు సాగించేవారు. లెక్కలు దఫ్తరె దివానీ, దఫ్తరె మాల్ అనే రెండు కార్యాలయాలలో వంశపారంపర్య దఫ్తర్‌దార్ల అధీనంలో ఉండేవి. రాజ్యానికి వచ్చే ఆదాయమెంతో నిర్ధారణగా చెప్పాలంటే దివాన్ సైతం వారిపైనే ఆధారపడవలసి వచ్చేది.

గుత్త నుంచి జీతానికి

సాలార్‌జంగ్ ముందుగా ఈ మూలాన్నే సరిదిద్దారు. అప్పులను విడతలవారీగా తీరుస్తూ తనఖాలో ఉన్న తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించారు. అట్లా చేతికి వచ్చిన ప్రాంతాలలో గుత్తేదారు స్థానే నెలజీతంపై తాలూక్‌దార్లను నియమించారు. ఈ మార్పు పైకి చిన్నదిగా కనిపించినా దాని ఫలితం గణనీయమైనది. గుత్తేదారుకు రైతు వద్ద మిగిలినదంతా నష్టమే. జీతగాడైన అధికారికి తాను పంపిన లెక్కకు జవాబు చెప్పుకోవడమే విధి. వివిధ ప్రాంతాలలోని టంకశాలలను మూసివేసి, రాజధానిలో ముద్రించిన హాలీ సిక్కా రూపాయిని రాజ్యమంతటా చెలామణీలోకి తేవడం కూడా ఈ సంస్కరణలో భాగమే. నాణెం ఊరికొక తీరుగా ఉన్నప్పుడు లెక్కకు నిలకడ ఉండదు. పంటలో భాగంగా శిస్తు తీసుకొనే బటాయి పద్ధతి కూడా క్రమంగా తొలగి, నగదు శిస్తు అమలులోకి వచ్చింది.

ఈ ప్రయత్నాల నడుమనే 1857 తిరుగుబాటు సంభవించింది. అదే సంవత్సరం మే నెలలో నాసిరుద్దౌలా మరణించి అఫ్జలుద్దౌలా నిజాం అయ్యారు. జులై 17న తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వాన రెసిడెన్సీపై దాడి జరిగింది. సాలార్‌జంగ్ ఆంగ్లేయుల పక్షం వహించారు. ఈ నిర్ణయంపై అభిప్రాయ భేదాలు ఆనాడే తలెత్తాయి, నేటికీ ఉన్నాయి. 1859లో దర్బారు నుంచి వెలుపలికి వస్తుండగా రెసిడెంట్ డేవిడ్‌సన్‌పైనా, ఆయనపైనా హత్యాయత్నం జరిగింది. 1860 ఒప్పందంతో ధారాశివ్, రాయచూర్ అంతర్వేది ప్రాంతాలు తిరిగి హైదరాబాద్‌కు దక్కాయి. యాభై లక్షల రూపాయల బాకీ రద్దయింది. బీరార్ మాత్రం తిరిగి రాలేదు.

జిల్లాబందీ

1864లో శిస్తు వ్యవహారాల పర్యవేక్షణకు మజ్లిసె మాల్‌గుజారీ అనే రెవెన్యూ మండలి ఏర్పడింది. మరుసటి సంవత్సరం జిల్లాబందీ పేరిట రాజ్యాన్ని జిల్లాలుగా విభజించే పని ప్రారంభమైంది. 1867 నాటికి అది ఐదు విభాగాలు, పదిహేడు జిల్లాల వ్యవస్థగా స్థిరపడింది. ఖమ్మం, నల్లగొండ, మెదక్, నేటి నిజామాబాద్‌కు పూర్వరూపమైన ఇందూరు, కరీంనగర్‌కు పూర్వరూపమైన ఎలగందల తదితరాలు తెలుగు ప్రాంతపు జిల్లాలుగా ఏర్పడ్డాయి. విభాగానికి ఒక ఉన్నతాధికారి, జిల్లాకు మొదటి తాలూక్‌దారు, ఆయనకు సహాయకులుగా రెండవ, మూడవ తాలూక్‌దార్లు, తాలూకాకు తహసీల్దారు, గ్రామంలో పటేల్, పట్వారీ. ఈ విధంగా గ్రామం నుంచి రాజధాని వరకు ఒకే వరుస నెలకొన్నది.

జిల్లా పోలీసు వ్యవస్థ రెవెన్యూ నుంచి వేరుపడింది. జిల్లాకు మొహతమీమ్, ఆయన కింద అమీన్లు నియమితులయ్యారు. తెలంగాణ పల్లెలలో తరతరాలుగా వినిపించిన అమీన్ సాబ్ అన్న పిలుపుకు మూలం ఈ ఏర్పాటే.

నలుగురు సదరుల్ మహాములు

జిల్లాలలో అంచెలు ఏర్పడిన తరువాత రాజధానిలోనూ పని విభజన అవసరమైంది. అప్పటివరకు ప్రతి కాగితం దివాన్ దేవిడీకే చేరేది. 1868లో న్యాయ, రెవెన్యూ, పోలీసు, ఇతర వ్యవహారాల శాఖలకు నలుగురు సదరుల్ మహాములను నియమించారు. నేటి పరిభాషలో వీరు శాఖల మంత్రులు. న్యాయశాఖ బాధ్యత వహించిన బషీరుద్దౌలాయే తదనంతర కాలంలో ఆస్మాన్ జా బిరుదుతో ప్రధానమంత్రి అయ్యారు. ముతఫర్రిఖాత్ అని వ్యవహరించిన నాలుగవ శాఖ కిందకు విద్య, వైద్యం, ప్రజాపనులు, పురపాలన వంటివి వచ్చాయి. పేరుకు ఇతర వ్యవహారాలైనా ప్రజల దైనందిన జీవితానికి సన్నిహితమైన పనులన్నీ అందులోనే ఇమిడి ఉన్నాయి.

ఆ శాఖల కృషి అనతికాలంలోనే కనిపించింది. 1869లో హైదరాబాద్ రాజ్యపు తొలి తపాలా బిళ్ల వెలువడింది. నగరానికి పురపాలన వ్యవస్థ ఏర్పడింది. ఆయన పాలన తొలినాళ్లలో నెలకొన్న దారుల్ ఉలూమ్‌కు తోడుగా 1870 దశకంలో చాదర్‌ఘాట్ పాఠశాల, మదర్సయె ఆలియా వెలిశాయి. 1874లో వాడీ నుంచి సికింద్రాబాద్‌కు రైలు మార్గం ప్రారంభమైంది. భూముల సర్వే, బందోబస్తు కార్యక్రమం అదే దశకంలో మరఠ్వాడా జిల్లాల నుంచి మొదలైంది.

పరిమితులు, విమర్శలు

ఈ వ్యవస్థ రాజ్యమంతటికీ విస్తరించలేదు. నిజాం సొంత భూములైన సర్ఫెఖాస్, పాయెగాలు, జాగీర్లు, గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలు దీనికి వెలుపలే ఉన్నాయి. దివానీ రైతుకు అందిన క్రమబద్ధమైన పాలన పొరుగునే ఉన్న జాగీరు రైతుకు అందలేదు. ఆ వ్యత్యాసం 1949లో జాగీర్ల రద్దు వరకు కొనసాగింది.

కొత్త శాఖలను నడిపే శిక్షణ పొందిన ఉద్యోగులు స్థానికంగా చాలినంతమంది లేరన్న కారణంతో సాలార్‌జంగ్ ఉత్తర భారతం నుంచి విద్యావంతులను రప్పించారు. సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, మొహసినుల్ ముల్క్, చిరాగ్ అలీ వారిలో ముఖ్యులు. వారి సామర్థ్యం పాలనకు మేలు చేకూర్చింది. అయితే స్థానికులకు ఉన్నత పదవులు దక్కడం లేదన్న ఆవేదనకు కూడా అక్కడే బీజం పడింది. 1919 నాటి ముల్కీ ఫర్మానాకు, 1952 ముల్కీ ఉద్యమానికి దారితీసిన ప్రశ్న అదే.

అధికార కేంద్రీకరణ మరొక పరిమితి. నిజాం అఫ్జలుద్దౌలాకు దివాన్‌పై సంశయం ఉండేది. ఆయన అనుమతి లేనిదే సాలార్‌జంగ్ నగరం దాటి వెళ్లేవారు కారు. జిల్లాలను నిర్మించిన దివాన్ ఆ జిల్లాలను స్వయంగా చూడలేని పరిస్థితి అది. 1869లో అఫ్జలుద్దౌలా మరణించగా, రెండున్నరేళ్ల మీర్ మహబూబ్ అలీఖాన్ పేరిట సాలార్‌జంగ్, అమీరె కబీర్ షంసుల్ ఉమ్రా సంయుక్తంగా రాజప్రతినిధులయ్యారు. దానితో శాఖలు నాలుగైనా తుది నిర్ణయం ఎక్కువగా దివాన్‌దే అయింది.

1876లో ఆయన ఇంగ్లండ్ వెళ్లారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ పట్టాతో సత్కరించింది. బీరార్‌ను తిరిగి ఇవ్వాలన్న ఆయన కోరికను మాత్రం బ్రిటిష్ ప్రభుత్వం మన్నించలేదు. జీవితాంతం ఆయన విడవని ఆ కోరిక నెరవేరనే లేదు. 1902లో బీరార్ శాశ్వత కౌలు కింద బ్రిటిష్‌వారి పరమైంది.

నిలిచిన నిర్మాణం

1883 ఫిబ్రవరి 8న కలరా సోకి సాలార్‌జంగ్ హఠాత్తుగా మరణించారు. అప్పటికి ఆయన వయస్సు యాభై నాలుగేళ్లు. హైదరాబాద్ పాతనగరంలోని దాయెరా మీర్ మోమిన్‌లో ఆయన సమాధి ఉంది. మరుసటి ఏడాది మహబూబ్ అలీఖాన్ పూర్తి అధికారాలు స్వీకరించారు. సాలార్‌జంగ్ కుమారుడు లాయఖ్ అలీఖాన్ ప్రధానమంత్రి అయినా 1887లోనే పదవి నుంచి వైదొలగారు. తండ్రికి గల పలుకుబడి కుమారునికి సంక్రమించలేదు. పదవులు, పలుకుబళ్లు చేతులు మారాయి. జిల్లా, తాలూకా, శాఖ అన్న చట్రం మాత్రం నిలిచింది. 1919లో ఏర్పడిన కార్యనిర్వాహక మండలి బాబె హుకూమత్, 1948 అనంతర ప్రభుత్వాలు ఆ చట్రాన్నే మార్పులతో స్వీకరించాయి.

జమాబందీ, పహాణీ, గిర్దావరు, తహసీలు వంటి మాటలు తెలంగాణ రెవెన్యూ వ్యవహారాలలో చిరకాలం వాడుకలో నిలిచాయి. తహసీల్దారు పదవి ఈనాటికీ ఉంది. వ్యక్తి ఇష్టాయిష్టాలపై నడిచే వసూలును, లెక్క చెప్పవలసిన ఉద్యోగంగా మార్చడమే సాలార్‌జంగ్ సాధించిన ప్రధాన విజయం. ఆ కృషి కారణంగానే హైదరాబాద్ పాలనా చరిత్రలో ఆయన చిరస్మరణీయులయ్యారు.