ప్యారిస్ మఠంలో వంటవాడు: బ్రదర్ లారెన్స్ కథ

కుండలు చేసుకుంటూ పాండురంగణ్ణి తలచుకున్న గోరా కుంభార్ కథ తెలిసినవాళ్ళకి ఈ కథ అంత కొత్తగా అనిపించదు. మనిషి మాత్రం కొత్త. ఈయన మన దేశంవాడు కాదు, మన మతంవాడూ కాదు. ఫ్రాన్స్‌లో ఒక క్రైస్తవ మఠంలో వంట చేసిన బ్రదర్ లారెన్స్.

ఎందుకు ఈయన గురించి అంటారా? ప్రేయర్ అంటే మనలో చాలామందికి ఒక అప్లికేషన్ లాంటిది. వీసా రావాలి, ప్రమోషన్ రావాలి, అమ్మకి ఒంట్లో బాగవ్వాలి. అడగడం తప్పని క్రైస్తవం కూడా చెప్పదు. ఏసు నేర్పిన ప్రార్థనలోనే రోజుకి సరిపడా తిండి ఇమ్మని ఉంది. కానీ దానికంటే ముందు దేవుడి చిత్తం జరగాలని ఉంటుంది. ఆ ముందు మాట దగ్గరే ఈయన జీవితమంతా గడిచిపోయింది.

అసలు పేరు నికోలా ఎర్మాన్. 1614 ప్రాంతంలో లొరేన్‌లో పుట్టారు. పద్దెనిమిదేళ్ళప్పుడు చలికాలంలో ఆకులన్నీ రాలిపోయిన ఒక చెట్టుని చూశారు. కొన్నాళ్ళకి దీనికే మళ్ళీ చిగుళ్ళు, పూలు, కాయలు వస్తాయి కదా అనిపించింది. అంతే, ఆ తలపు ఇక మనసులోంచి పోలేదు. తర్వాత సైన్యంలో చేరారు, గాయపడ్డారు, కాలు కుంటి అయింది. ఒక పెద్దమనిషి ఇంట్లో నౌకరుగా చేరితే చేతికి తగిలిన వస్తువల్లా పగలగొట్టేవారట!

1640లో ప్యారిస్‌లో కార్మెలైట్ మఠంలో చేరారు. పెద్ద చదువు లేదు కాబట్టి ఫాదర్ కాలేదు, బ్రదర్‌గానే ఉండిపోయారు. వంటింట్లో వేశారు. తమాషా ఏంటంటే, వంట పని ఆయనకి అస్సలు ఇష్టం లేదు. అయినా సుమారు పదిహేనేళ్ళు చేశారు. పని మొదలుపెట్టే ముందు సాయం అడిగేవారు, అయ్యాక థ్యాంక్స్ చెప్పేవారు, మధ్యలో పొరపాటు జరిగితే ఒప్పేసుకుని ముందుకెళ్ళిపోయేవారు. పెనం మీద ఆమ్లెట్ తిప్పినా దేవుడి కోసమే. మఠం కోసం ద్రాక్షసారా కొనుక్కురమ్మని పంపితే, కుంటికాలితో పడవలో నడవలేక పీపాల మీద దొర్లుకుంటూ వెళ్ళేవారు. అదీ ఆయన లెక్కలో ప్రార్థనే. గంట కొట్టగానే చేసే ప్రార్థనకీ, గిన్నెల చప్పుడు మధ్య చేసేదానికీ ఆయనకి తేడా ఉండేది కాదు.

ఇదంతా వింటే హాయిగా సాగిపోయిన జీవితంలా ఉంది కదా? కాదండీ. తనకి మోక్షం లేదు, నరకమే గతి అని ఆయన గట్టిగా నమ్మిన రోజులున్నాయి. ఒక రోజూ రెండు రోజులూ కాదు, నాలుగేళ్ళు. ఎవరు చెప్పినా ఆ భయం పోలేదు. ఆలోచించండి, ఫలితం సున్నా అని తేలిపోయాక ఇంకా ఎవరైనా పూజ చేస్తారా? ఆయన చేశారు. దేవుడి మీద ప్రేమతో ఈ దారిలోకి వచ్చాను, చివరికి నన్ను ఉంచుకున్నా వదిలేసినా చచ్చేదాకా ప్రేమిస్తూనే ఉంటాను అని తేల్చేసుకున్నారు. నా వరకు ఆయన కథలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. ఆమ్లెట్ సంగతి అందరూ చెప్పుకుంటారు గానీ, ఈ నాలుగేళ్ళు లేకపోతే అది ఉత్త ముచ్చటగానే మిగిలిపోయేది.

గీతలో కష్టంలో పిలిచేవాడు, సంపద కోరేవాడు, తెలుసుకోవాలనుకునేవాడు, జ్ఞాని అని నాలుగు రకాల భక్తులున్నారు కదా. ఈయన్ని ఎక్కడ పెట్టాలో మీరే కామెంట్స్‌లో చెప్పండి.

కాలి నొప్పి ముదిరాక వంటింటి నుంచి చెప్పులు కుట్టే పనికి మార్చారు. తర్వాత ఆ కాలికే పుండు పడింది. జబ్బుతో ఉన్న ఒకావిడకి ఆయన ఉత్తరాలు రాసేవారు. నీ నొప్పి తగ్గాలని నేను అడగడం లేదు, తట్టుకునే శక్తి ఇమ్మని మాత్రం అడుగుతున్నాను అన్నది వాటి సారాంశం. నొప్పి తెలియని మనిషి ఆ మాట రాస్తే కోపం వచ్చేదేమో!

1691 ఫిబ్రవరిలో రాసిన చివరి ఉత్తరంలోనూ ఆరోగ్యం కావాలన్న మాట లేదు. కొద్ది రోజుల్లో ఆయన్ని చూస్తానేమో అన్న ఆశ ఉంది. 12వ తేదీన కన్నుమూశారు.