వేళ్ళతో లెక్కలు చూసిన ఆచార్యుడు

పుట్టు గుడ్డిలాంటి మనిషి కాంతిని గురించి, ఇంద్రధనుస్సును గురించి పాఠం చెబుతుంటే కళ్ళున్న కుర్రాళ్ళు గదినిండా చేరి విన్నారంటే నమ్మబుద్ధి కాదు. కాని కేంబ్రిడ్జిలో అది నిజంగా జరిగింది. ఆ గురువు పేరు నికొలస్ సాండర్సన్.

1682లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, థర్ల్‌స్టన్ అనే పల్లెలో ఆయన పుట్టాడు. తండ్రి ఎక్సైజు ఉద్యోగి. ఏడాది వయసులోనే మశూచికం సోకి రెండు కళ్ళూ పోయాయి. అప్పటికి బ్రెయిలీ లిపి ఎక్కడిది? లూయీ బ్రెయిలీ పుట్టడానికే ఇంకా 127 ఏళ్ళుంది! చర్చి ఆవరణలో సమాధి రాళ్ళమీది అక్షరాలు తడిమి ఈయన చదవడం నేర్చాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

1707లో కేంబ్రిడ్జి చేరాడు. విద్యార్థిగా చేరే స్తోమత లేదు. క్రైస్ట్స్ కాలేజీలో బస చేసి, న్యూటన్ సిద్ధాంతాలు బోధించసాగాడు. 1710లో లుకేసియన్ ఆచార్యుడు విలియం విస్టన్‌ను మతాభిప్రాయాల కారణంగా వెళ్ళగొట్టారు. ఆ పదవికి అందరి చూపూ సాండర్సన్ మీద పడింది. మరి డిగ్రీ? ఆన్ రాణి ఆజ్ఞతో ఎం.ఏ. పట్టా ఇచ్చి, 1711లో ఒకప్పుడు న్యూటన్ అలంకరించిన పీఠంమీదే కూర్చోబెట్టారు. 1739లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన బీజగణిత గ్రంథం మరుసటి ఏడు అచ్చయింది.

లెక్కలు ఎలా చేసేవాడంటారా? చిల్లుల చెక్కపలక, పెద్దతల సూదులు, చిన్నతల సూదులు - అంతే సరంజామా. ఒక్కొక్క అంకెకు తొమ్మిది చిల్లుల గడి. నడుమ పెద్ద సూది ఒక్కటే ఉంటే సున్న. చిన్నది ఒక్కటే ఉంటే ఒకటి. నడుమ పెద్దది ఉంచి, చుట్టూ ఉన్న ఎనిమిది చిల్లులలో ఒకదానిలో చిన్నది గుచ్చితే, స్థానాన్నిబట్టి రెండు నుంచి తొమ్మిది దాకా అంకెలు. సూదులకు దారం చుడితే త్రిభుజాలు, చతుర్భుజాలు కూడా వేళ్ళకు తెలిసేవి.

చూపులేని పిల్లలకు సైన్సు ఎందుకు, ప్రయోగాలు ఎలా చేస్తారు అని ఈనాటికీ అడిగేవాళ్ళున్నారు. ఈనాడు మాట్లాడే థర్మామీటర్లున్నాయి. ద్రావణంలో రంగు మారితే ధ్వనిగా వినిపించే పరికరాలున్నాయి. అవి కొనలేకపోతే గాట్లు పెట్టిన స్కేలు, చెక్కపలక, సూదులు, దారం చాలు, పని మొదలుపెట్టవచ్చు. ఇవి దొరకని కాలేజీ ఏది? మన పక్క బెంచీలో చూపులేని మిత్రుడుంటే, లేబరేటరీ గుమ్మం దగ్గర అతణ్ణి ఆపవలసిన పని లేదు.