గురుకుల శిక్షణకు నిలువుటద్దం ‘గాయక సార్వభౌమ’ పారుపల్లి రామకృష్ణయ్య పంతులు

త్యాగరాజస్వామి శిష్య పరంపరను కృష్ణా తీరాన స్థిరపరచి, విజయవాడను కర్ణాటక సంగీత శిక్షణకు ప్రధాన కేంద్రంగా తీర్చిదిద్దిన మహనీయులలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు అగ్రగణ్యులు. గాయకునిగా ‘గాయక సార్వభౌమ’ బిరుదాంకితులైనప్పటికీ, గురువుగా ఆయన సాధించిన కీర్తి అంతకు మించినది. ఆయన శిక్షణలో రాణించిన గాయకుడు పద్మవిభూషణ్ పురస్కారాన్ని, వాయులీన విద్వాంసుడు పద్మశ్రీ పురస్కారాన్ని అందుకోవడమే ఇందుకు నిదర్శనం.

జననం, గురు పరంపర

పంతులు 1883 డిసెంబరు 5వ తేదీన కృష్ణా జిల్లా శ్రీకాకుళం గ్రామంలో జన్మించారు. ఉత్తరాంధ్రలోని జిల్లా కేంద్రమైన శ్రీకాకుళం వేరు, ఇది వేరు. ప్రస్తుతం ఘంటసాల మండలంలో ఉన్న ఈ గ్రామం ఆంధ్ర మహావిష్ణువు ఆలయంతో సుప్రసిద్ధమైనది. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద రచనకు ప్రేరణ లభించిన క్షేత్రంగా సాహిత్య చరిత్రలో దీనికి విశిష్ట స్థానం ఉన్నది.

ఈ గ్రామానికి సమీపంలోనే, కృష్ణానది ఒడ్డున దుర్గా నాగేశ్వరస్వామి క్షేత్రంగా పేరొందిన పెదకళ్ళేపల్లి ఉన్నది. సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి వంటి సంగీత విద్వాంసుని కుటుంబంతో ముడిపడిన గ్రామమది. పంతులు ఆయన శిష్యరికంలో సంగీతాన్ని అభ్యసించారు. శాస్త్రి గురువు తంజావూరు ప్రాంతానికి చెందిన మానాంబుచావడి వెంకటసుబ్బయ్య. త్యాగరాజస్వామికి బంధువు, ప్రత్యక్ష శిష్యుడు అయిన వెంకటసుబ్బయ్య వద్దనే మహావైద్యనాథ అయ్యర్, పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ వంటి దిగ్దంతులు కూడా విద్యనార్జించారు.

త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. ఆయనకు, పంతులుకు నడుమ ఉన్నది ఇద్దరు గురువులు మాత్రమే. కావేరీ తీరాన తెలుగు భాషలో వెలువడిన కృతులు ఈ ఇద్దరి కంఠాల ద్వారా కృష్ణా తీరానికి చేరుకున్నాయి. స్వరలిపిలో వ్రాసిన పుస్తకం కృతి స్వరూపాన్ని కొంతవరకు మాత్రమే చూపగలదు. గమకం, కాలప్రమాణం, పదవిభజన వంటి సూక్ష్మాంశాలు గురువు పాడగా విని, శిష్యుడు తిరిగి పాడి సరిదిద్దుకోవలసినవే. ఈ గొలుసులో ఒక్క కొలికి తెగినా ఆ బాణీ మరల దొరకదు. పంతులు తన జీవితాన్ని బోధనకు అంకితం చేయడంలోని ప్రాధాన్యం ఇక్కడే అవగతమవుతుంది.

గాత్ర విద్యే వాయులీనానికి పునాది

వాయులీనం ఐరోపా నుండి వచ్చిన వాద్యం. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు దీనిని కర్ణాటక సంగీతానికి అనువుగా మలచినవారిలో ప్రథములుగా ప్రసిద్ధులు. నేలపై కూర్చుని, వాద్యం కొనను కుడి చీలమండపై ఆనించి, తంత్రులను షడ్జమ పంచమాలకు శ్రుతి చేసుకునే పద్ధతి దక్షిణాదిన స్థిరపడింది. అయితే వాద్యం మారినా సంగీతం మాత్రం గాత్రానిదే. కర్ణాటక వాయులీన విద్వాంసునికి సాహిత్యం తెలియాలి. గాయకుడు ఆలాపించిన రాగాన్ని అంతే భావంతో అనుసరించాలి. కల్పనస్వరాలకు అప్పటికప్పుడు సమాధానం ఇవ్వాలి. గాత్ర సంప్రదాయం తెలిసిన గురువు వద్ద వాయులీన విద్యార్థి శిక్షణ పొందడం వెనుక కారణం ఇదే.

గురుకులంలో విద్యార్థికి పాఠానికి నిర్ణీత గంటలంటూ ఉండవు. సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు వరుసగా సాధించవలసినదే. వర్ణాన్ని ఒకే లయపై విలంబ, మధ్య, దురిత కాలాల్లో వాయించగలిగిన తరువాతనే కమానుపై అదుపు, వేళ్ళకు స్వరస్థాన నిశ్చయత చేకూరుతాయి. సహాధ్యాయుల పాఠం వినడం, గురువు కచేరీలకు వెంట వెళ్ళడం, వేదికపై సందర్భానుసారం గురువు చేసే మార్పులను గమనించడం కూడా శిక్షణలో భాగాలే.

ఇదే కాలంలో ఉత్తరాంధ్రలో మరొక మార్గం ఏర్పడింది. 1919లో విజయనగరంలో ప్రారంభమైన మహారాజా సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు వాయులీన ఆచార్యులుగా చేరి, ఆదిభట్ల నారాయణదాసు అనంతరం 1936లో అధ్యక్ష పదవిని చేపట్టారు. సంస్థానాధీశుల పోషణలో ఆ కళాశాల వర్ధిల్లగా, కృష్ణా డెల్టాలో సంగీత విద్య ప్రధానంగా గురువుల శ్రమపై ఆధారపడి సాగింది.

విజయవాడ కేంద్రంగా శిష్య సంపద

కృష్ణా ఆనకట్ట నిర్మాణం 1855లో పూర్తయిన తరువాత డెల్టా గ్రామాలు సస్యశ్యామలమయ్యాయి. రైలు మార్గాల కూడలిగా విజయవాడ వేగంగా ఎదిగింది. అప్పటికి బెజవాడగా వ్యవహరింపబడుతున్న ఈ పట్టణంలో పంతులు గురుకుల పద్ధతిలో శిష్యులను తీర్చిదిద్దారు.

వారిలో అగ్రేసరుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో జన్మించి, పసితనంలోనే తల్లిని కోల్పోయిన ఈ బాలుని ప్రతిభను గుర్తించిన తండ్రి పట్టాభిరామయ్య, అతనిని పంతులుకు అప్పగించారు. ఎనిమిదేళ్ళ ప్రాయంలో విజయవాడలో జరిగిన ఆరాధనోత్సవంలో ఆ బాలుడు పూర్తిస్థాయి కచేరీ చేసి పండితులను ఆశ్చర్యచకితులను చేశాడు. ప్రముఖ హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ఆ బాలుని మురళీకృష్ణ నామానికి ముందు ‘బాల’ శబ్దాన్ని చేర్చారు. అనంతర కాలంలో బాలమురళీకృష్ణ గాత్రంతో పాటు వాయులీనం, వయోలా, మృదంగం, కంజీర వాద్యాలలోనూ ప్రావీణ్యం చూపారు. 72 మేళకర్త రాగాలలో కృతులు రచించారు. 1991లో పద్మవిభూషణ్ పురస్కారాన్ని అందుకున్న ఆయన 2016లో కన్నుమూశారు.

వాయులీన విద్యలో పంతులు శిక్షణకు ఉదాహరణ అన్నవరపు రామస్వామి. ఏలూరు సమీపంలోని సోమవరప్పాడులో 1926లో జన్మించిన రామస్వామి, మాగంటి జగన్నాథ చౌదరి వద్ద తొలి పాఠాలు నేర్చి, పిదప పంతులు శిష్యులయ్యారు. విజయవాడ ఆకాశవాణిలో సుదీర్ఘకాలం నిలయ విద్వాంసునిగా సేవలందించారు. సహాధ్యాయి అయిన బాలమురళీకృష్ణ కచేరీలకు వాయులీన సహకారం అందించారు. ఒకే గురువు వద్ద ఒకే బాణీని అభ్యసించిన గాయకుడు, వాద్యకారుడు వేదికపై కలిసినప్పుడు కలిగే సమన్వయానికి వారి కచేరీలు దర్పణం పట్టాయి. రామస్వామికి భారత ప్రభుత్వం 2021లో పద్మశ్రీ ప్రకటించింది.

వ్యక్తి నుండి వ్యవస్థకు

గురుకుల విధానంలో బలంతో పాటు పరిమితి కూడా ఉన్నది. అందులో కొద్దిమందికే స్థానం లభిస్తుంది. గురువుతోనే ఆ గురుకులమూ ముగుస్తుంది. పంతులు 1951 జూలై 7వ తేదీన పరమపదించే నాటికి బాలమురళీకృష్ణ వయస్సు 21 సంవత్సరాలు, రామస్వామి వయస్సు 25 సంవత్సరాలు. ఇరువురూ అప్పటికే విద్వాంసులుగా నిలదొక్కుకోవడంతో ఆ విద్యకు అంతరాయం కలుగలేదు.

వారికి వేదికగా నిలిచినది 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం. ఆ కేంద్రం ప్రసారం చేసిన ‘భక్తిరంజని’ ద్వారా బాలమురళీకృష్ణ శాస్త్రీయ సంగీతాన్ని సామాన్య శ్రోతల ఇళ్ళకు చేర్చారు. విజయవాడలో ప్రభుత్వ సంగీత కళాశాల ఏర్పడినప్పుడు ప్రథమ ప్రిన్సిపాల్ బాధ్యతలు కూడా ఆయననే వరించాయి. ప్రస్తుతం ఘంటసాల వెంకటేశ్వరరావు పేరిట ఉన్న ఆ కళాశాల, గురుకుల విద్యకు ప్రభుత్వ విద్యాసంస్థ రూపంలో లభించిన కొనసాగింపు. కొద్దిమందికే పరిమితమైన విద్య ఆ విధంగా మరింత మంది విద్యార్థులకు అందుబాటులోకి వచ్చింది.

నేడు యువ వాయులీన కళాకారుల కోసం కొద్దిరోజులపాటు సాగే ప్రత్యేక శిక్షణ తరగతులు పలుచోట్ల జరుగుతున్నాయి. నిష్ణాతుని ఎదుట కూర్చుని దోషాలను సరిదిద్దుకునే అవకాశం వాటిలో లభిస్తుంది. అయితే అవి సంవత్సరాల తరబడి సాగవలసిన సాధనకు పదును పెట్టగలవే గాని, దానికి ప్రత్యామ్నాయం కాజాలవని పంతులు శిష్యుల జీవితాలు రుజువు చేస్తున్నాయి. తరగతి ముగిసిన తరువాత కూడా విద్యార్థి వెంట ఉండి, విని, సరిదిద్దే గురువు ఉన్నప్పుడే సంప్రదాయం తరువాతి తరానికి చేరుతుంది. కృష్ణా తీరాన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు నిర్వర్తించిన కర్తవ్యం ఇదే.