జేమ్స్ బి. సమ్నర్

జేమ్స్ బాచెలర్ సమ్నర్ (నవంబరు 19, 1887 - ఆగష్టు 12, 1955) అమెరికా దేశానికి చెందిన సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. ఒక ఎంజైమును ప్రపంచంలో తొలిసారిగా స్ఫటిక రూపంలో వేరుచేసి, అది మాంసకృత్తు (ప్రోటీను) అని నిరూపించినవాడు ఈయనే. ఇందుకు గాను 1946లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు.

బాల్యము, విద్యాభ్యాసము

సమ్నర్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించాడు. 17వ ఏట వేటకు వెళ్ళినపుడు తోటివాని తుపాకీ గుండు తగిలి ఎడమచేతికి తీవ్ర గాయమైంది. మోచేతి క్రింది భాగాన్ని తొలగించవలసి వచ్చింది. ఈయన పుట్టుకతో ఎడమచేతి వాటం గలవాడు. అయినను నిరుత్సాహపడక, ప్రతి పనినీ కుడిచేతితో మొదటినుండి నేర్చుకున్నాడు. టెన్నిస్ ఆటలో కూడా రాణించాడు.

1910లో హార్వర్డు విశ్వవిద్యాలయం నుండి పట్టా పొందాడు. 1912లో అక్కడే ఆచార్య ఓటో ఫోలిన్ వద్ద పరిశోధన చేయగోరగా, ఒంటిచేతివానికి రసాయన శాస్త్రం అనువైనది కాదని ఫోలిన్ హితవు చెప్పాడు. సమ్నర్ పట్టు వీడలేదు. 1914లో డాక్టరేటు పొంది, అదే సంవత్సరం ఇథాకా నగరంలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో సహాయాచార్యుడుగా చేరాడు.

యూరియేజ్ పరిశోధన

జీవకణాలలో జరిగే రసాయన చర్యలను వేగవంతం చేసే పదార్థాలే ఎంజైములు. ఇవి ఏ పదార్థంతో తయారైనవో ఆనాటికి తెలియదు. సమ్నర్‌కు బోధనా భారం ఎక్కువ, పరికరాలు తక్కువ. అందువలన ఒకే ఒక ప్రశ్నపై శ్రమించదలచి, 1917లో యూరియేజ్ అనే ఎంజైమును ఎన్నుకున్నాడు. ఇది యూరియాను అమ్మోనియా, కార్బన్ డయాక్సైడులుగా విడగొడుతుంది. చిక్కుడు కుటుంబానికి చెందిన జాక్ బీన్ గింజలలో సమృద్ధిగా లభిస్తుంది.

1921లో బెల్జియం వెళ్ళి ఎంజైముల నిపుణుడు జీన్ ఎఫ్రాంట్ వద్ద పనిచేయాలనుకున్నాడు. కాని ఎఫ్రాంట్ ఈ ప్రయత్నాన్ని హాస్యాస్పదంగా భావించడంతో ఆ ప్రయాణం ఆగిపోయింది. తొమ్మిదేళ్ళ శ్రమ తరువాత, 1926లో, గింజల పిండిని నీరు కలిపిన అసిటోనులో నానబెట్టి, వడకట్టిన ద్రవాన్ని రాత్రంతా చలిలో ఉంచాడు. మరునాడు సూక్ష్మదర్శినిలో చిన్న చిన్న స్ఫటికాలు కనిపించాయి. వాటిని వేరుచేసి కరిగించి చూడగా, ఆ ద్రావణం యూరియాను అతి వేగంగా విడగొట్టింది. మాంసకృత్తులకు చేసే పరీక్షలన్నింటిలోను నెగ్గింది.

విమర్శలు, గుర్తింపు

జర్మనీలో రిచర్డ్ విల్‌స్టాటర్ వంటి మహామహులు ఈ ఫలితాన్ని అంగీకరించలేదు. 1915 నోబెల్ గ్రహీత అయిన విల్‌స్టాటర్ శుద్ధిచేసిన ఎంజైము ద్రావణాలలో మాంసకృత్తు జాడ కనబడలేదు. ఎంజైములు అత్యల్ప పరిమాణంలోనే పనిచేయగలవు గనుక, ఆనాటి పరీక్షలకు అవి అందలేదని తరువాత తెలిసింది. 1930లో జాన్ నార్త్రప్ పెప్సిన్‌ను స్ఫటికీకరించడంతో సమ్నర్ వాదానికి బలం చేకూరింది. 1937లో సమ్నర్ అలెగ్జాండర్ డౌన్స్‌తో కలిసి కాటలేజ్ ఎంజైమును స్ఫటికీకరించాడు. 1946 నోబెల్ బహుమతిలో సగభాగం సమ్నర్‌కు, మిగిలిన సగం నార్త్రప్, వెండెల్ స్టాన్లీలకు లభించింది.

1955లో పదవీ విరమణకు సిద్ధమవుతుండగా కాన్సర్ వ్యాధి సోకి, బఫెలో నగరంలో మరణించాడు.

నేటి ప్రాముఖ్యత

1980లలో కొన్ని ఆర్.ఎన్.ఎ. అణువులు కూడా ఎంజైముల వలె పనిచేస్తాయని తేలినప్పటికీ, ఎంజైములలో అత్యధికం మాంసకృత్తులే. నానో వైద్యంలో కూడా ఈ సత్యానికి ప్రాముఖ్యత ఉంది. మాంసకృత్తు ఒక నిర్దిష్ట ఆకృతిలో ముడుచుకొని ఉంటేనే పనిచేస్తుంది. కర్బన నానో గొట్టాల వంటివాటి ఉపరితలానికి అంటుకొన్నపుడు ఆ ఆకృతి మారి, ఎంజైము చురుకుదనం తగ్గవచ్చు. జాగ్రత్తగా అతికిస్తే మాత్రం మేలు కలుగుతుంది: యూరియాను కొలిచే జీవసంవేదకాలలో యూరియేజ్‌ను ఇటువంటి గొట్టాలపై నిలిపి వాడుతున్నారు. మరొకవైపు, తెల్లరక్తకణాలలోని మైలోపెరాక్సిడేజ్ ఎంజైము ఈ గొట్టాలను విచ్ఛిన్నం చేయగలదని 2010లో వెల్లడైంది. శరీరంలో ప్రవేశించిన నానో పదార్థం చివరకు ఏమవుతుందన్న ప్రశ్నకు ఇది ముఖ్యమైన ఆధారం.