ఆదికవికి తోడైన చెలిమి

గోదావరీ స్నానానికి రాజమహేంద్రవరం వెళ్లినప్పుడు, సంకల్పం చెప్పుకొన్న తరువాత ఒక్క క్షణం ఆ తీరాన నిలవండి. తెలుగువారి మహాభారతం అవతరించినది ఈ నగరంలోనే. దానికి శ్రీకారం చుట్టిన నన్నయ భట్టారకుని ఆదికవిగా మనమంతా స్మరిస్తాం. అయితే ఆ మహాత్ముడు ఒంటరిగా ఆ కార్యానికి పూనుకోలేదన్న సంగతి మనలో ఎందరికి గుర్తున్నది?

తూర్పు చాళుక్య ప్రభువైన రాజరాజనరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడై 1061 వరకు వేంగీ దేశాన్ని పాలించాడు. ఆ ఏలుబడి నిశ్చింతగా సాగలేదు. సవతి సోదరుడు విజయాదిత్యునితో సింహాసనానికై పోరు తప్పలేదు. అంతటి కల్లోలంలోనూ శివపూజ, విప్రసత్కారం, దానం, సాధుసాంగత్యం, భారతశ్రవణం ఆయనకు ప్రాణప్రదాలు. తాను చంద్రవంశీయుడు గనుక, తన పూర్వులైన పాండవుల చరిత్రను తెలుగున వినగోరాడు. కులబ్రాహ్మణుడైన నన్నయకు ఆ భారాన్ని అప్పగించాడు.

నన్నయ ముద్గల గోత్రజుడు. నిత్య జపహోమ తత్పరుడు. వేదపురాణాలు, వ్యాకరణం ఆపోశన పట్టినవాడు. అయినా లక్ష శ్లోకాల వ్యాసభారతం ముందు ఆయన వినయంతో తలవంచాడు. తెలుగున అంతటి బృహత్కావ్యానికి అప్పటికి ఒరవడి లేదు. ఏ పదం నిలపాలో, ఏ కథ కుదించాలో చెప్పే పూర్వకవి ఎవరూ లేరు.

అప్పుడు తోడు నిలిచినవాడు నారాయణభట్టు. నన్నయకు సహాధ్యాయి. సంస్కృతం, కర్ణాటం, ప్రాకృతం, పైశాచి, ఆంధ్రం అనే అయిదు భాషలలో కవి. అంతటివాడు తానే వేరొక కావ్యం చెప్పి కీర్తి గడించవచ్చు. కాని మిత్రుని కావ్యానికి చేయూతనిచ్చాడు. నన్నయ ఆ మేలు మరువలేదు. భారతయుద్ధంలో అర్జునునికి శ్రీకృష్ణుడు ఎలా తోడ్పడ్డాడో, తనకు నారాయణభట్టు అలా తోడ్పడ్డాడని గ్రంథారంభంలోనే లోకానికి చాటాడు. ఆ పోలికను ఒక్కసారి ఆలోచించండి. విల్లు పట్టినవాడు పార్థుడు. ఆయుధం పట్టకుండా రథం నడిపినవాడు పరమాత్మ. తోడు నిలిచినవానికి నన్నయ ఇచ్చిన స్థానం అది! రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకు నందంపూడిని అగ్రహారంగా ఇచ్చినప్పుడు, ఆ శాసనాన్ని రచించినవాడూ నన్నయే. ఆ గ్రామాన్ని కోనసీమలో మీరు నేటికీ దర్శించవచ్చు.

ఇంతచేసీ భారతం పూర్తికాలేదు. ఆదిపర్వం, సభాపర్వం ముగిశాయి. అరణ్యపర్వంలో శరత్కాలపు రాత్రుల వర్ణన వద్ద నన్నయ ఘంటం ఆగింది. సుమారు రెండు శతాబ్దాల తరువాత నెల్లూరు సీమలో తిక్కన సోమయాజి విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు రచించి హరిహరనాథునికి అంకితం చేశాడు. నడుమ మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దిలో ఎర్రన పూరించాడు. నన్నయ రాత్రి వద్ద ఆపిన కథను ఆయన శరత్కాలపు ఉదయాలతో అందుకొన్నాడు. హరివంశాన్ని తన ప్రభువు ప్రోలయ వేమారెడ్డికి అంకితమిచ్చిన ఎర్రన, ఈ భాగాన్ని మాత్రం ఏనాడో గతించిన రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చాడు. నన్నయ తలపెట్టిన పని నన్నయదిగానే పూర్తికావాలన్నది ఆయన భావన.

మీ ఊరి దేవాలయ జీర్ణోద్ధరణ కావచ్చు, మీ ఇంట తలపెట్టిన పారాయణ కావచ్చు. పని పెద్దదని వెనుకాడకండి. చేయి కలిపేవారిని పిలవండి, వారి పేరును మీ పేరు కంటే ముందు చెప్పండి. మిగిలినది మీ తరువాతివారికి భగవంతుడే అప్పగిస్తాడు. ఈసారి భారతం చేతికి తీసుకొన్నప్పుడు కవిత్రయానికి నమస్కరించి, నాలుగో నమస్కారం నారాయణభట్టుకు చేయండి.